చలువపెట్టె లేని యింట బలమైన భోజనము

(మన సంఘ వార్షిక మహాసభ మహిళాగోష్ఠియందు చదివిన యుపన్యాసము)



నూలుధరలు, సహకారసంఘముల బాకీలు, బిడ్డల విద్య మొదలగు గొప్ప విషయములను చర్చించుటకై కూడిన యీ సభలో వంటయింటి సంగతి నెత్తుట కొందఱకు చిన్నతనముగా తోచవచ్చును. కాని మగ్గముపై కూర్చున్నవానికి చేయి ఆడవలెనన్నను, కండెలు చుట్టు నిల్లాలికి తల తిరుగకుండవలెనన్నను, బడికి పోవు పిల్లకు పాఠము మనసున నిలువవలెనన్నను మొదట కడుపున పడవలసినది బలమైన తిండియే గదా. నేనును మగ్గపుటింట పుట్టి పెరిగినదాననే యగుటచే, నేను చెప్పబోవునది పుస్తకములలో చదివినది కొంత, మన పొయ్యిలయొద్ద చూచినది కొంత.

ఈ నడుమ మన నేతవాడలలో నొక మాట తఱచుగా వినబడుచున్నది. “మా యింట ఫ్రిజ్జు లేదమ్మా. ఉన్నవారింటను కరెంటు నిలువదు. పాలు, కూరలు, గ్రుడ్లు తెచ్చి యెక్కడ పెట్టుకొందుము? అందుచేతనే పచ్చడి మెతుకులతో ప్రొద్దు గడుపుచున్నాము” అని మన యాడుబిడ్డలు చెప్పుచున్నారు. ఈ మాటలో నిజము లేకపోలేదు. 2019-21 సంవత్సరములనాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేను బట్టి చూడగా, అప్పటికి మన దేశమున సగమునకు మించిన యిండ్లలో చలువపెట్టె లేదు. అయినను, చలువపెట్టె లేదు గనుక బలమైన తిండి లేదను మాటను నేనొప్పుకొనజాలను. చలువపెట్టె తిండిని కొంతకాలము చెడకుండ నాపగలదే గాని, తిండికి బలమును చేర్చజాలదు. మన కంచములలో నేమి పడుచున్నది, ఎవరి కంచములో నెంత పడుచున్నది అను రెండు ప్రశ్నలను మనము వేసికొనవలయును. నా యుపన్యాసమంతయు నీ రెండు ప్రశ్నలకు సమాధానమే.

మొదట చలువపెట్టె చేయు పనిని తెలిసికొందము. మన తిండిని చెడగొట్టు సూక్ష్మజీవులు నులివెచ్చని తావున వేగముగా పెరుగును. 5 డిగ్రీల సెంటిగ్రేడుకు లోపల వాటి పెరుగుదల మిక్కిలి మందగించును; 60 డిగ్రీలకు పైబడిన వేడిలో నవి పెరుగజాలవు. ఈ రెంటికి నడుమ నున్నదే యపాయకరమైన వేడిమి. మన వేసవి దినములు, వానకాలపు టుక్కరాత్రులు సర్వము నీ నడిమి భాగముననే యున్నవి. వండిన పదార్థమును బయట రెండుగంటలకు మించి యుంచరాదని ప్రపంచారోగ్యసంస్థవారు చెప్పుచున్నారు. విద్యుచ్ఛక్తి సరిగా నున్నంతకాలము చలువపెట్టె 5 డిగ్రీల లోపలి చల్లదనము నిచ్చును. విద్యుత్తు పోయినపుడు తలుపు తెఱువకుండినచో సుమారు నాలుగుగంటలు మాత్ర మా చల్లదనము నిలుచును. తరువాత నది తలుపుగల బీరువాయే. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినప్పుడును, 2024 సెప్టెంబరు తొలిదినములలో బుడమేరు పొంగి విజయవాడ వాడలను ముంచినప్పుడును, చలువపెట్టెలను నమ్ముకొన్న యిండ్లును లేని యిండ్లును నొక్కటే యయ్యెను. ఆ దినములలో కాచుకొన్నవి డబ్బాలోని యటుకులు, వేయించిన సెనగలు, వేరుసెనగలు, బెల్లమును. కావున చలువపెట్టె గలవారును నేను చెప్పబోవు మాటలు వినదగినవే.

ఇక మన యిండ్ల తీరు చూతము. నేతపని యొక్కరి పని కాదు. మగడు గుంటమగ్గములో దిగి కూర్చున్న, నిల్లాలు కండెలు చుట్టవలయును, పడుగు సవరింపవలయును, గంజి పట్టించుటకు సాయపడవలయును. అందుచే మనవారిండ్లలో తెల్లవారుజామున నొక్కపర్యాయము వండి దానినే మూడుపూటలు తినుట వాడుక యైనది. ఇల్లాలి సోమరితనముచే నీ వాడుక యేర్పడలేదు. పని యొత్తిడిచే నేర్పడినది. కాని యపాయమంతయు నిందులోనే యున్నది. ఉదయము వార్చిన యన్నము కుండలో నట్లే యుండి రాత్రికి కంచములో పడునప్పటికి పదునాలుగు గంటలైనను గడచును. బియ్యములో నుండు నొకవిధమైన సూక్ష్మజీవుల బీజములు ఉడుకునీటికిని చావవు. అన్నము నులివెచ్చగా నున్నప్పుడవి మొలకెత్తి యొక విషమును పుట్టించును. మరల వేడిచేసినను ఆ విషము పోదు. వాంతులైనపుడు దిష్టి తగిలినదనియు, ఎండదెబ్బ యనియు మనము చెప్పుకొను సందర్భములలో కొన్నింటికి కారణమిదియే కావచ్చును.

దీనికి మందు మూడుపూటలు పూర్తిగా వండుట యని చెప్పినచో మన యిల్లాండ్రు నన్ను చూచి నవ్వుదురు. మందు వేరు. చెడని వస్తువులనేవో, చెడు వస్తువులనేవో మొదట వేరుచేయుడు. చెడని వస్తువులతో యింటిని నింపుకొనుడు. చెడు వస్తువులను ఆ పూటకు కావలసినంతయే తెచ్చి, ఆ పూటకు కావలసినంతయే వండుడు. అన్నము తక్కినవాటికన్న త్వరగా నుడుకును; దానిని రెండుపూటల వార్చుకొనుట పెద్దపని కాదు.

ఇట్లు వేరుచేసి చూచినచో నాశ్చర్యకరమైన సంగతి బయటపడును. హైదరాబాదునందు జాతీయ పోషకాహార సంస్థ యున్నది. 1918లో కూనూరున బెరిబెరి వ్యాధిని విచారించుటకై రాబర్టు మెకారిసన్ అను వైద్యు డారంభించిన చిన్న పరిశోధనశాలయే పెరిగి 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఈ సంస్థవారు 2024లో ప్రకటించిన యాహారనియమములలో, దినమునకు 2000 కేలరీల భోజనమునకు కావలసిన వస్తువుల నిట్లు లెక్కకట్టిరి: ధాన్యములు 250 గ్రాములు, పప్పులు, లేదా వాటికి మారుగా గ్రుడ్లు, మాంసము, చేపలు 85 గ్రాములు, వేరుసెనగవంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, కూరగాయలు, ఆకుకూరలు కలిసి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు.

ఈ యేడింటిని చలువపెట్టె యవసరమును బట్టి పరీక్షించుడు. ధాన్యము, పప్పు, గింజలు, నూనె - ఈ నాలుగింటికిని చలువ యక్కఱలేదు. పాలకు చలువ కావలయును గాని, వాటిని కాచి తోడుపెట్టిన పెరుగునకు మన తాతలకాలమునుండియు చలువపెట్టె లేకయే జరుగుచున్నది. మిగిలినవి కూరలు, పండ్లు. వాటి నేనాటికానాడు కొనుటయే మన పల్లెలలో వాడుక. పప్పు 85 గ్రాములలో సుమారు 18, ధాన్యమున సుమారు 20, పాలలో సుమారు 10, వేరుసెనగలలో సుమారు 8 గ్రాముల మాంసకృత్తులు కలవు. అన్నియు కూడిన 56. 65 కిలోల పురుషునకు దినమునకు 54 గ్రాములును, 55 కిలోల స్త్రీకి 46 గ్రాములును చాలునని 2020లో భారత వైద్యపరిశోధన మండలివారు నిర్ణయించిరి. కావున చలువపెట్టె లేకయే, మాంసము ముట్టకయే, కండకు కావలసినది చేకూరుచున్నది. మన యిండ్లలో కొఱవడుచున్నది చలువ కాదు. పప్పు పలుచనగుట, గింజలను పండుగలకు మాత్రమే తెచ్చుట, ఆకుకూరను పేదతనమునకు గుర్తుగా నెంచి విడుచుటయే కొఱత.

ఇక వస్తువుల నొక్కొక్కటిగా చెప్పెదను.

ధాన్యములలో తెల్లబియ్యము నొక్కదానినే నమ్ముకొనరాదు. రాయలసీమలో రాగిసంకటియు, తెలంగాణమున జొన్నరొట్టెయు, గటకయు మన పెద్దల నిలబెట్టినవి. రాగులు 100 గ్రాములలో సున్నము 300 మిల్లీగ్రాములకు మించి కలదు; బియ్యమున నందులో పదవవంతైనను లేదు. రాగులను నానబెట్టి, మొలకకట్టి, నీడ నారబెట్టి, వేయించి విసరిన పిండి చాల దినములు నిలుచును. బిడ్డలకు జావ కాచుటకు దానిని మించినది లేదు.

పప్పులలో కంది, పెసర, సెనగ, ఉలవ, బొబ్బర యేదైనను మేలే. దినము విడిచి దినమైనను పెసలనుగాని ఉలవలనుగాని మొలకెత్తింపుడు. ఎండుగింజలో లేశమైనను లేని సి విటమిను మొలకలో పుట్టును. కాని మొలకలు పెరుగు నులివెచ్చని తడిలోనే సూక్ష్మజీవులును పెరుగును గనుక, రెండుమూడుమారులు కడిగి, కొలదిగా నావిరిపై నుడికించి తినుట క్షేమము. తీరిక లేని పూటలకు కందిపొడి, నువ్వులపొడి, అవిసెగింజలపొడి, ఎండిన మునగాకుపొడి సిద్ధముగా నుంచుకొనుడు. వేడియన్నములో రెండుచెంచాల కందిపొడియు నూనెచుక్కయు కలిపిన ముద్ద, పచ్చడితో తిన్న ముద్దకంటె నెన్నియోరెట్లు బలమైనది.

ఈ పొడివస్తువులకు శత్రువు వేడి కాదు, తేమ. గుంటమగ్గపు టిండ్లలో నేల చెమ్మగా నుండును. వానకాలమున గుంటలోనికే నీరూరును. కావున డబ్బాలను నేలపై నుంచక బల్లపైననో గూటిలోనో యుంచుడు. నెల కొకమారు ఎండలో పోసి, చల్లారినపిమ్మట మూత పెట్టుడు. తడిచెంచా దింపకుడు. వేరుసెనగలలో బూజుపట్టినవి, ముడుతలుపడినవి, చేదెక్కినవి యున్నచో నేరి పాఱవేయుడు. ఆ బూజు కాలేయమునకు హానిచేయు విషమును పుట్టించును. వేయించినను నది పూర్తిగా పోదు. నాలుగు గింజల లోభమున కాలేయమును చెఱుపుకొనుట తెలివిగాదు.

పాలు వచ్చినవెంటనే పొంగువఱకు కాచుడు. సాయంకాలమువఱకు నిలుపవలసినచో మధ్యాహ్నము మరల నొకమారు కాచుడు. మిగిలినవాటిని తోడుపెట్టుడు. పులుపే పెరుగును కాపాడును. ఆ పులుపులో రోగకారకములగు సూక్ష్మజీవులు తేలికగా పెరుగజాలవు. ఉప్పు మితముగా వేసిన పలుచని మజ్జిగ మగ్గముమీది పురుషునకు పదిగంటలవేళ నిచ్చు టీనీళ్లకంటె మేలు. గ్రుడ్లను తినువారు వాటిని కడుగక, నీడలో, గాలి తగులుచోట నుంచి వేసవిలో వారము లోపల వాడుకొనవలయును. ఒక్కొక్క గ్రుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులు కలవు. గిన్నెడునీటిలో వేసిన తేలిపోవు గ్రుడ్డు పాతది. సముద్రతీరమునందలి మనవా రెండుచేపలను వాడుకొందురు. నీట నానబెట్టి, ఆ నీటిని పాఱబోసి, ఉప్పు తగ్గించి వండుకొనవలయును. పచ్చిమాంసమును పచ్చిచేపను మాత్రము తెచ్చినపూటనే వండి, ఆ పూటనే తినవలయును. రాత్రికి మిగిల్చి మరునాడు తినుట చలువపెట్టె లేని యింట తగదు.

ఆకుకూరను గుఱించి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఏలయన నీ కథకు మన వృత్తితో సంబంధము కలదు. 1928లో లూసీ విల్సు అను ఆంగ్లవైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టలమిల్లులలో పనిచేయు పేద గర్భిణీస్త్రీలకు వచ్చు నొకవిధమైన రక్తహీనతను పరిశోధించెను. ఆ స్త్రీల భోజనములోనే లోపమున్నదని కనిపెట్టి, ఈస్టునుండి తీసిన సారముతో నా వ్యాధి కుదురునని 1931లో ప్రకటించెను. ఆ సారములోని గుణము దేనివలన వచ్చినదని పలువురు వెదకగా, 1941లో పాలకూరనుండి యొక పదార్థమును వేరుచేసిరి. ఆకు అను నర్థముగల లాటిను మాటనుండి దానికి ఫోలిక్ ఆమ్లమను పేరు వచ్చినది. 1945లో దానిని పరిశోధనశాలయందు తయారుచేసినట్లు ప్రకటించిన బృందమునకు నాయకత్వము వహించినవారు, 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. బట్టలు నేయు స్త్రీల రక్తహీనతకు మందును వెదకిన వెదకులాట, చివరకు మన పెరటి యాకుకూరయొద్దకు వచ్చి నిలిచినదన్నమాట. ఆ యాకును మనము వాడిపోనిచ్చి, మందుబిళ్ల కెదురుచూచుట న్యాయమా?

ఆకుకూరలోని ఈ పదార్థము మిక్కిలి సున్నితమైనది. గంటలకొలది నుడికించినను, ఉడికించిన నీటిని పాఱబోసినను, పలుమారులు వేడిచేసినను నశించును. తోటకూర, పాలకూర, బచ్చలి, పొన్నగంటి, మునగాకు, తెలంగాణమువారు పుంటికూర యను గోంగూర వీనిలో దొరకినదానిని కడిగి, తరిగి, ఉడికిన పప్పులో చివర వేసి, కొలదిసేపే ఉడికించి, దింపినపిమ్మట నిమ్మరసము పిండుడు. ఆ పులుపులోని సి విటమిను ఆకులోని యినుమును దేహమునకు పట్టించును. భోజనమైన వెంటనే టీ త్రాగినచో నా యినుము పట్టకుండ పోవును. కావున టీకిని భోజనమునకును నొక గంటయైనను ఎడముండవలయును. పండ్లనగా ఆపిలుపండ్లే యని తలంపకుడు. జామపండు చవుక, సి విటమినులో గొప్పది. ఉసిరికాయ దానికిని మించినది.

ఉదయము కొన్న ఆకును సాయంకాలమువఱకు నిలుపుటకు మట్టియు నీరును చాలును. కట్ట విప్పి, కుళ్లిన ఆకులను తీసివేసి, తడిగుడ్డలో చుట్టి, వెడల్పుమూతి మట్టికుండలో నుంచుడు. ఇంతకు మెఱుగైన పద్ధతి యింకొకటి కలదు. పెద్దకుండలో చిన్నకుండ నుంచి, నడుమ నిసుక పోసి, ఆ యిసుకను రెండుపూటల తడుపుచు, పైన తడిగుడ్డ కప్పవలయును. నీ రావిరియగునపుడు లోపలి వేడిమిని లాగికొనును. నైజీరియా దేశపు టుపాధ్యాయుడు మహమ్మదు బా అబ్బా అనునాతడు 1990 తరువాతి సంవత్సరములలో నిట్టి జంటకుండలను తన గ్రామీణుల కందజేసి ప్రపంచఖ్యాతి గాంచెను. గాలి పొడిగానుండు గద్వాల, నారాయణపేట, ధర్మవరము ప్రాంతముల వేసవిలో నిది చక్కగా పనిచేయును. గాలిలో తేమగల చీరాల, ఉప్పాడ తీరములలో దీని ప్రయోజనము తక్కువ. ఎక్కడనైనను నిది కూరలకును పండ్లకును మాత్రమే. దీని చల్లదనము 5 డిగ్రీలకు దిగదు గనుక పాలను, మాంసమును, వండిన కూరను దీనియందు నమ్మి యుంచరాదు.

పెద్దలనాటి పద్ధతులన్నియు మంచివే యని నేను చెప్పుటలేదు. పచ్చళ్లు, వడియములు, అప్పడములు, ఊరమిరపకాయలు నిలువయుండునవే. కాని యవి భోజనమునకు రుచి మాత్రమే, భోజనము కాదు. దినమునకు 5 గ్రాముల ఉప్పుకు మించరాదని వైద్యులు చెప్పుచుండగా, పచ్చడిమెతుకులే మూడుపూటలు తినువానికి ఉప్పు మిక్కుటమై రక్తపుపోటు పెరుగును. గంటలకొలది కదలక కూర్చుండు మన వృత్తివారి కిది మఱింత చెఱుపు. కూరముక్కల వరుగులు వానదినములకు మంచివి. పలుచగా తరిగి, గుడ్డ కప్పి, గలగలలాడునట్లు ఎండబెట్టవలయును.

చద్దియన్నమును గుఱించి రెండు వాదములున్నవి. నిజ మీ రెంటికి నడుమ నున్నది. రాత్రి మిగిలిన యన్నము త్వరగా చల్లార్చి, కాచి చల్లార్చిన నీరు పోసి, చెంచాడు మజ్జిగ కలిపి, శుభ్రమైన కుండలో మూతపెట్టి యుంచినచో తెల్లవాఱునప్పటికి పులియును. ఆ పులుపే దానికి కావలి. నీరు పోయక, మజ్జిగ వేయక, కుండలో నూరక మిగిలిన యన్నము చద్ది కాదు. అది పాసిన యన్నము. జిగురుసాగినను, వేరువాసన వచ్చినను మొగమాటము లేక పాఱవేయుడు. అయితే చెడినదంతయు కంటికిని ముక్కునకును తెలియదు గనుక, గర్భిణులకును, పసిబిడ్డలకును, వ్యాధిగ్రస్తులకును అప్పుడు వండిన వేడియన్నమునే పెట్టుడు.

ఇప్పుడు నా రెండవ ప్రశ్నకు వచ్చుచున్నాను. ఎవరి కంచములో నెంత పడుచున్నది? ఇదియే నే నీ వేదిక నెక్కుటకు ముఖ్యకారణము. 2019-21 సర్వేలో 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలను పరీక్షింపగా ఆంధ్రప్రదేశమున నూటికి 58.8 మందికిని, తెలంగాణమున 57.6 మందికిని రక్తహీనత యున్నట్లు తేలెను. చలువపెట్టెలు గల యిండ్లలోను లేని యిండ్లలోను ఈ వ్యాధి యున్నది. రక్తహీనతకు కడుపులో పురుగులు, అధిక రక్తస్రావము, చలిజ్వరము మొదలగు కారణములును కలవు; వాటికి వైద్యము చేయించుకొనవలయును, ఆరోగ్యకేంద్రములయం దూరకనే యిచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లపు బిళ్లలను విడువక మ్రింగవలయును. కాని మన యిండ్లలో నొక కారణము మన చేతులలోనే యున్నది. మగవారు తినిన తరువాత బిడ్డలు, బిడ్డలు తినిన తరువాత అత్తమామలు, అందఱును తినిన తరువాత కోడలు. పప్పులో ముద్ద యడుగంటునప్పటికి ఆమె వంతు వచ్చును. వేడియన్నము చాలకున్న చల్లనిది ఆమెకే. చెడునేమో యను అనుమానము గలది “పాఱవేయుట పాప” మని తినునదియు ఆమెయే. మా తల్లి నిట్లే చూచితిని. ఆమె తినుచుండగా నే నెన్నడును కూర్చుండి చూడలేదను సంగతి పెద్దదాననైన పిమ్మట గాని నాకు తోచలేదు.

చలువపెట్టె వచ్చిన యిండ్లలో నీ యాచారము తగ్గలేదు. పైగా మూడునాళ్ల మిగులు కూర కొక తావు దొరకినది, దానిని తినువారు మాత్రము మారలేదు. మఱియొక సంగతి చెప్పుటకు మన్నింపవలయును. మన పెండ్లిండ్లలో సారెసామానుతో చలువపెట్టె నిచ్చుట నేడు గౌరవచిహ్నమైనది. తండ్రి యప్పుచేసి కొన్న యా పెట్టె నట్టింట లేసుగుడ్డ కప్పుకొని నిలుచును. దాని ప్రక్కనే ఆ తండ్రి కూతురు రక్తములేక పాలిపోయి నిలుచును. పెట్టెకిచ్చిన ధనముతో నా బిడ్డ కెన్ని సంవత్సరముల పప్పు, పాలు, వేరుసెనగలు వచ్చియుండునో లెక్కవేయుడు. చలువపెట్టె చెడ్డదని నా మాట కాదు. సంపాదనలో మిగిలినచో కొనుడు; మందులకు, పాలకు మిక్కిలి యుపయోగించును. అప్పుచేసి పెండ్లిలో నిచ్చుట మాత్రము మానుడు.

కాబట్టి మహాజనులారా, మన సంఘముతో నాలుగు మనవులు చేయుచున్నాను. ఒకటి: మన సంఘాభిమానులు నడుపు విద్యార్థి వసతిగృహములలో రాత్రి మిగిలినది మరునాడు వడ్డించు వాడుకను మాన్పి, వారమున కయిదుదినములైనను ఆకుకూరపప్పును, దినమున కొక గుప్పెడు వేరుసెనగలును బెల్లమును ఏర్పాటుచేయవలయును. అన్నదానమునకు ధనమిచ్చు దాతలు ఒక్కనాటి విందునకు బదులు ఏడాదిపొడవునకు పప్పుబస్తాల నిచ్చినచో బిడ్డలు తరతరములు తలచుకొందురు. రెండు: ప్రతి నేతవాడయందును అయిదాఱిండ్లవారు కలిసి వంతులవారీగా తెల్లవారుజామున కూరలు, పాలు తెప్పించుకొనినచో ధరయు తగ్గును, నిలువయుంచు బాధయు తప్పును. మూడు: సంఘముయొక్క విందులలో వడ్డనకు కాలనియమమేర్పఱచి, రెండుగంటలలో ముగించి, మిగిలినదానిని వేడి తగ్గకముందే పేదలకు పంచవలయును. నాలుగవది చట్టముతో జరుగునది కాదు. ఈ సభనుండి యింటికి పోయిన ప్రతి పురుషుడును, ఆ రాత్రి భోజనమునకు కూర్చుండుటకు ముందు “నీవును వడ్డించుకొనుము, కలిసి తిందము” అని యిల్లాలితో ననవలయును. దీనికి డబ్బక్కఱలేదు, విద్యుత్తక్కఱలేదు, తీర్మానమును అక్కఱలేదు. పప్పు ఒక్కసారిగా అందఱి కంచములలో పడినప్పుడే యది యెందఱికి చాలునో, ఎంత పెంచవలయునో యింటి యజమానునికి తెలియును.

పడుగులో నొక్క పోగు బలహీనమైనచో బట్టయంతయు నక్కడనే చిరుగునని మనకు వేఱుగా చెప్పనక్కఱలేదు. మన సంఘమను వస్త్రములో స్త్రీలును బిడ్డలును సగము పోగులు. వారి కంచమును నింపకుండ మనము చేయు అభివృద్ధి యేదియు నిలువదు.